ఎడమకు తిరగని కారు

ఆదివారం పొద్దున ఇంజనీరుకు ఏడుపు మొహం, సాయంత్రం బేరగాడికి నవ్వు మొహం చూపించాలని నాగేందర్ ముందురోజే నిర్ణయించుకున్నాడు. రెండు మొహాలూ ఒకే కారు గురించి కాబట్టి అద్దం ముందు నిలబడి కాస్త సాధన కూడా చేశాడు.

కారు పేరు జింకో. చిన్నది, జామకాయ రంగుది. నాగేందర్ కట్టంగూర్‌లో గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవాడు. తన వంశంలో మొట్టమొదటి కారు కొన్నానన్న సంబరంలో వారం రోజులు అతని కాళ్లు నేల మీద ఆనలేదు. వారం తర్వాత కారు తన గుణం చూపించింది.

స్టీరింగు ఎడమకు తిప్పితే చాలు, హారన్ దానంతట అదే మోగేది. కారు మళ్లీ తిన్నగా అయ్యేదాకా ఆగేది కాదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే వెనక డిక్కీ నోరు తెరిచేది. అన్నింటికన్నా ఘోరం, ఇంజను ఆపగానే నాలుగు తలుపులకూ లాకు పడేది. లోపలున్నవాళ్లు లోపలే, బయటున్నవాళ్లు బయటే. దానికి మళ్లీ బుద్ధి పుట్టి వదిలేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. కిటికీ అద్దాలా, సగం దాకా దిగి ఆగిపోయేవి. తల పడుతుంది, మనిషి పట్టడు.

షోరూమ్‌కు వెళ్లి మొరపెట్టుకుంటే వాళ్లు చల్లగా నవ్వారు. "హారన్ మోగుడు మీ సేఫ్టీ కోసమే సార్. ఎడమ దిక్కున్నోళ్లు జరుగుతరు" అన్నారు. లాకు సంగతి అడిగితే దొంగల భయం ఉండదన్నారు. డిక్కీ గురించి అడిగితే, అంత వేగంగా ఎందుకు పోవాలని ఎదురడిగారు.

నాగేందర్ ఓర్చుకున్నాడు గానీ అతని భార్య నాగరాణి ఓర్చుకోలేదు. ఆమె చిన్నాయన బిడ్డ పెండ్లికి పోయినప్పుడు, కానుకగా తీసుకుపోయిన స్టీలు బిందె డిక్కీలోంచి జారి హైవే మీద దొర్లింది. దాన్ని పట్టుకుని ఫంక్షన్ హాలు చేరి, నాగేందర్ కిందికి దిగి, లోపలికి వంగి అలవాటుగా ఇంజను ఆపి తలుపు వేశాడు. పట్టుచీరలో ఉన్న నాగరాణి లోపలే ఉండిపోయింది. పెండ్లంతా కారు అద్దంలోంచే చూసింది. తలంబ్రాలప్పుడు అందరూ జాలిపడి పెండ్లికొడుకునూ పెండ్లికూతురినీ కారు దాకా నడిపించుకొస్తే, సగం దిగిన అద్దం సందులోంచి అక్షింతలు వేసింది. ఆ ఫోటో ఆల్బంలో కూడా ఎక్కింది.

"ఇగ నా జన్మల గా కారు ఎక్క" అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

నాగేందర్ ఊరుకోలేదు. తనలాంటి వాళ్లందరినీ వెతికి వాట్సాప్‌లో 'జింకో బాధితుల సంఘం' పెట్టి దానికి తానే అధ్యక్షుడయ్యాడు. పోచంపల్లి నుంచి అరుణ్ కార్యదర్శి అయ్యాడు. ఆ కుర్రాడు ఇంట్లో నేసిన చీరలు డిక్కీలో వేసుకుని హైదరాబాద్ పోతుంటే, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఒక చీర చొప్పున రోడ్డుకు సమర్పించుకున్నవాడు. ఇద్దరూ కలిసి కంపెనీ వెంట పడగా పడగా చివరికి కబురొచ్చింది. తమ ఇంజనీరు ఆదివారం పదింటికి అధ్యక్షుడి కారును పరీక్షిస్తాడు. లోపాలు నిజమని తేలితే అందరి కార్లనూ కంపెనీయే ఉచితంగా బాగుచేస్తుంది.

సంఘమంతా పండగ చేసుకుంది. నాగరాణి మాత్రం వేరే ఏర్పాటు చేసింది.

"బాగు జేసినా సరే, చెయ్యకున్నా సరే, గది నా వాకిట్ల ఉండొద్దు. మిర్యాలగూడ నుంచి ఒకాయన కొంటా అంటున్నడు. ఆదివారం పొద్దుమూకి రమ్మన్న" అంది.

"సంఘపోళ్లకు తెలిస్తే నా ఇజ్జత్ పోతది గదనే!"

"వాళ్లకెవలు జెప్తరు? పొద్దుగాల ఇంజనీర్‌కు ఉన్నయన్ని జెప్పు. మాపటికి బేరగానికి ఏం జెప్పకు."

కండ్ల పరీక్ష కోసం ఊరి నుంచి వచ్చి ఉన్న నాగేందర్ తల్లి గుర్వమ్మకు ఈ మాట నచ్చలేదు.

"మీ నాయిన కుంటి గొర్రెను అమ్మితే, కుంటుతదని జెప్పే అమ్మేటోడు కొడుకా" అంది.

"అందుకే మన మంద పెరగలే" అన్నాడు నాగేందర్.

ఆదివారం తెల్లవారింది. నాగరాణి సంచులు పట్టుకుని రైతు బజారుకు వెళ్లింది. నాగేందర్ ఏడుపు మొహం సిద్ధం చేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పది కాకముందే గేటు చప్పుడైంది. టై, నల్లబ్యాగు, మెరిసే బూట్లతో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు.

అతను ఇంజనీరు కాడు. మిర్యాలగూడ బేరగాడు అమరేందర్. వృత్తి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం. సాయంత్రం ఏదో మీటింగు ఉందని పొద్దున్నే వచ్చేశాడు.

"కారు చూడనీకి వచ్చిన. జర ముందే వచ్చినట్టున్న" అన్నాడు.

ఆ టై చూడగానే నాగేందర్‌కు అనుమానమన్నది రాలేదు. ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మంచిగైంది సార్! కండ్లల్ల ఒత్తులేసుకోని చూస్తున్న. ముందే జెప్తున్న, గిది కారు గాదు సార్. శని. నా పెండ్లాం దీంట్ల కూసోదు. మా అమ్మ కూసుంటది గని దండం పెట్టుకుంట కూసుంటది."

అమరేందర్ బిత్తరపోయాడు. పాత కారు కోసం అతను తిరగని ఊరు లేదు. పోయిన ప్రతిచోటా 'డాక్టరమ్మ నడిపిన బండి, గీత కూడా పడలేదు' అన్నవాళ్లే గానీ, శని అన్నవాడు ఇంతవరకు తగల్లేదు.

"ఇవన్ని నాకు జెప్తున్నరేంది?"

"మీకు జెప్పక ఇంకెవలికి జెప్తం సార్! ఎక్కున్రి, అన్ని చూపెడ్త."

నాగేందర్ చూపెట్టాడు. మొదటి ఎడమ మలుపు దగ్గర జింకో గుండెలు అదిరేలా అరిచింది. రోడ్డు పక్కన ఇడ్లీ తింటున్న ఒకాయన ప్లేటుతో సహా మోరీ కాలువ దాటి దూకాడు. "చూసిన్రా సార్? నేను ముట్టుకోలే. చేతులు చూడున్రి" అంటూ నాగేందర్ స్టీరింగు వదిలి రెండు చేతులూ పైకెత్తాడు. అమరేందర్ కండ్లు మూసుకున్నాడు. తర్వాత స్పీడ్ బ్రేకర్ వచ్చింది. డిక్కీ తెరుచుకుంది. అందులో పెట్టిన నల్లబ్యాగు కిందపడి, పాలసీ కాగితాలు దేవరకొండ రోడ్డంతా పరుచుకున్నాయి. వాటిని ఏరుకొచ్చాక నాగేందర్ కారును ఒక గోడ పక్కన ఆపి, కావాలనే ఇంజను బంద్ చేశాడు. నాలుగు తలుపులూ టక్కుమన్నాయి.

"ఇగ మనం పోలేం సార్."

"ఎంతసేపు?"

"గది దాని దయ."

ఎండ ముదురుతోంది. అమరేందర్ టై వదులు చేసుకున్నాడు, సగం అద్దంలోంచి ముక్కు బయటపెట్టాడు, మనసులోనే తనకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాడు. కాసేపటికి ఎందుకో అతని మొహం మెల్లగా విప్పారింది.

"ఎవలెక్కినా గిట్లనే అయితదా?" అని అడిగాడు.

"ఎవలెక్కినా సార్! బరాబర్!"

"మనిషికి పెండ్లాం పిల్లలు యాదికొస్తరా?"

"యాదికొచ్చుడేంది సార్, కండ్ల ముంగట కనవడ్తరు!"

"ఊఁ" అన్నాడు అమరేందర్, చాలా తృప్తిగా. తలుపులు వదిలాక నాగేందర్ చేయి పట్టుకుని ఊపాడు. "మీ అసొంటి నిజాయితీ మనిషిని చూడలే. మీటింగ్‌కు రానని జెప్పి మల్ల వస్త" అని వెళ్లిపోయాడు. ఇంజనీరుకు గుండె కరిగిందని నాగేందర్ సంబరపడి, 'పని అయిపోయింది' అని సంఘానికి మెసేజ్ పెట్టాడు.

అసలు ఇంజనీరు వెంకటేశ్ ఆ సమయానికి గొర్ల మధ్య ఉన్నాడు.

అతను పొద్దున్నే హైదరాబాద్‌లో కంపెనీవారి సొంత జింకోలోనే బయలుదేరాడు. నార్కట్‌పల్లి దగ్గర చాయ తాగుదామని ఆగి, ఇంజను నడుస్తుండగానే దిగాడు. ఇంజను దానంతట అదే ఆగి, కారు లాకు పడింది. తాళంచెవి, లాప్‌టాప్, మెడలో వేసుకునే కంపెనీ కార్డు అన్నీ లోపలే ఉండిపోయాయి. అద్దంలోకి చేయి దూర్చబోతే చొక్కా చినిగింది. కారు కిందికి దూరి చూస్తే గ్రీజు అంటింది. చివరికి నల్లగొండ వైపు పోతున్న గొర్ల బండిని బతిమాలితే, ముందు జాగా లేదని వెనక ఎక్కించారు. గొర్ల ఆయనే ఎండకు తలకు చుట్టుకొమ్మని తువ్వాల కూడా ఇచ్చాడు.

ఆ వేషంలో వెంకటేశ్ గేటు తీశాడు. కంపెనీ కారే మొరాయించిందని చెప్పుకోవడం అతనికి సిగ్గుగా ఉంది. ఎవరని అడిగితే చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు.

"నమస్తే. కారు చూడనీకి వచ్చిన" అన్నాడు.

గుర్వమ్మ గాలి పీల్చింది. ఆమె మొహం చేటంత అయింది. "గొర్ల వాసన! మనోడే బిడ్డా. మంద ఏడ ఇడిసిపెట్టొచ్చినవ్?" అంటూ చెంబుడు చల్ల తెచ్చి ఇచ్చింది.

"గొర్లతోని మస్తు పరేషాన్ అయిన అమ్మా" అన్నాడు వెంకటేశ్, గటగటా తాగేస్తూ.

బేరగాడు కూడా తొందరపడి పొద్దున్నే వచ్చాడని నాగేందర్ అర్థం చేసుకున్నాడు. వెంటనే రెండో మొహం తగిలించాడు.

"అన్నా, గిది కారు గాదు. బంగారం."

వెంకటేశ్ తాగుతున్న చల్ల పొలమారింది. ఇంత ఘోరంగా ఫిర్యాదు చేసిన మనిషి నోట ఈ మాట వస్తుందని అతను అనుకోలేదు.

"హారన్ దానంతల అదే మోగుతదని విన్న?"

"గిట్టనోళ్లు అంటరన్నా. ఏ దిష్టి కండ్లు పడ్డయో ఏమో."

"జర నడిపి చూద్దాం."

నాగేందర్ తాడు కోసం ఇంట్లోకి ఉరికాడు. డిక్కీకి లోపల్నుంచి దాన్ని కట్టి, ఆ కొస గుర్వమ్మ చేతికిచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

"గా తాడేందమ్మా?" అని వెంకటేశ్ అడిగాడు.

"ఇడిస్తే నోరు తెరుస్తది బిడ్డా" అంది గుర్వమ్మ నిజాయితీగా.

"మా అమ్మకు ఏదన్న పట్టుకుంటెనే ధైర్యం" అని నాగేందర్ అడ్డొచ్చాడు.

కారు కదిలింది. నాగేందర్ కుడికి తిప్పాడు. మళ్లీ కుడికి తిప్పాడు. మళ్లీ కుడికే తిప్పాడు. ఇంటి ముందు నుంచే ఇంకోసారి పోతుంటే వెంకటేశ్ ఉండబట్టలేకపోయాడు.

"జర ఎడమకు తిప్పు."

"ఎడమంటే పడమర గదన్నా. ఆదివారం పడమరకు వారశూల. పోవద్దు."

మరో మూల వచ్చింది. "గిక్కడ ఎడమంటే ఉత్తరం గద?"

"మా ఇంట్లకెల్లి చూస్తే గది గూడ పడమరనే."

వెంకటేశ్ వాదించలేదు. లోపాలేమీ లేవని రాసి పంపితే పైవాళ్లు సంతోషిస్తారని అతనికీ తెలుసు. పొద్దున్నుంచి పడ్డ కష్టానికి అదే దేవుడిచ్చిన వరం అనిపించింది. ఇంటి ముందు నాగేందర్ ఇంజను ఆపకుండానే అందరినీ దింపగానే ఫోన్ తీశాడు.

"మా వాళ్లకు చూపెట్టాలె. ఇప్పుడు చెప్పింది వీడియోల చెప్పు."

వాళ్ల ఇంటివాళ్లకేమో అనుకుని నాగేందర్ జుట్టు సర్దుకుని, కారు మీద చేయి వేసి నిలబడ్డాడు. "నా పేరు నాగేందర్. జింకోల ఒక్క ఖరాబు లేదు. నల్లగొండ జిల్లాల గిసొంటి కారు ఇంకోటి ఉండది. కండ్లు మూసుకోని కొనుక్కోవచ్చు" అన్నాడు. వీడియో హైదరాబాద్ చేరింది. కంపెనీవాళ్లు ఆనందం పట్టలేక దాన్ని వెంటనే ఫిర్యాదుదారులందరికీ పంపేశారు. 'మీ అధ్యక్షుడి మాట విన్న తర్వాత మేము చెప్పేదేముంది. ఫిర్యాదు మూసివేయడమైనది' అని కింద ఒక ముక్క జతచేశారు.

సంఘం సభ్యులు అప్పుడు ఎక్కడో దూరంగా లేరు. అధ్యక్షుడికి సన్మానం చేద్దామని పొద్దున్నే తలో జింకోలో బయలుదేరి వచ్చి, గడియారం సెంటర్ దగ్గర పూలదండ బేరమాడుతున్నారు. ముందు అరుణ్ ఫోన్ మోగింది, తర్వాత అందరివీ మోగాయి. పూలదండ బేరం అక్కడే ఆగిపోయింది.

నాగేందర్ ఉండే గల్లీలోకి రావాలంటే ఎడమకు తిరగాలి.

మొదటి జింకో తిరిగింది. బొంయ్యిమంది. దాని వెనక రెండోది, మూడోది, వరుసగా అన్నీ తిరిగాయి. గల్లీ దద్దరిల్లింది. మంత్రి వస్తున్నాడనుకుని ఒకాయన చొక్కా తొడుక్కుంటూ బయటికి ఉరికాడు. బరాత్ అనుకుని పిల్లలు డ్యాన్సు మొదలుపెట్టారు. గల్లీ మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. దాన్ని దాటిన ప్రతి కారూ డిక్కీ ఎత్తి దండం పెట్టినట్టు వచ్చింది. అరుణ్ డిక్కీలోని ఇక్కత్ చీర ఒకటి జారి, మడత విప్పుకుని, కారు వెనక తివాచీలా పరుచుకుంటూ వచ్చింది. అధ్యక్షుడి కోసం తెచ్చిన శాలువా దాని వెంటే వచ్చింది.

అందరూ నాగేందర్ గేటు ముందు ఆగి, కోపంతో ఊగిపోతూ ఇంజన్లు బంద్ చేశారు. కోపంలో మనిషి చేసే పొరపాటు అదే. వరుసగా టక్ టక్ టక్కుమంది.

సగం దిగిన అద్దాల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఒక్క తలకూ వెనక మనిషి రాలేదు.

"అన్నా! నీకు ఎంత ముట్టింది? నిన్ను నమ్మి పోచంపల్లి నుంచి వస్తిమి గద!" అని అరుణ్ తల అరిచింది.

"నేనేం జేసిన తమ్మీ?"

"ఒక్క ఖరాబు లేదని వీడియోల జెప్పితివి గద! కిందికి దిగితే నీ సంగతి జెప్త!"

"దిగి మాట్లాడు."

"దిగొస్తలేదే!"

సరిగ్గా అప్పుడే నాగరాణి సొరకాయలు, చుక్కకూర సంచులతో గల్లీలోకి వచ్చింది. కార్ల మీద కార్లు, తలల మీద తలలు చూసి, "ఏందయ్యా ఇది?" అని అడిగింది. నాగేందర్ ఆమె చెవిలో గుసగుసగా చెబుదామనుకున్నాడు గానీ హారన్ల హోరుకు అలవాటు పడిన గొంతు గల్లీ అంతా వినిపించింది.

"నేను సంఘాన్ని మోసం జెయ్యలేదే! బేరగాడు వచ్చిండని కారును పొగిడిన!"

"బేరగాడెవలు?" అన్నాడు వెంకటేశ్, తువ్వాల తీస్తూ. "నేను కంపెనీ ఇంజనీర్‌ను."

తలలన్నీ అతని వైపు తిరిగాయి. అందరికన్నా ముందు గుర్వమ్మ తేరుకుంది.

"మరి గొర్లు?"

ఇక దాచడం ఎందుకని వెంకటేశ్ మొత్తం చెప్పేశాడు. నార్కట్‌పల్లి, చాయ, లాకు, గొర్ల బండి. కంపెనీ కారు కంపెనీ ఇంజనీరునే బయట నిలబెట్టిందని విన్న తలలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. అరుణ్ నవ్వు ఆపుకోలేక తల లోపలికి తీసుకోబోయాడు. చెవులు అడ్డం పడ్డాయి.

"మరి పొద్దుగాల టై కట్టుకోని వచ్చిందెవలు?" అని నాగేందర్ తనలో తాను అనుకున్నాడు. తర్వాత అరుగు మీద కూలబడ్డాడు. "నాగరాణీ, బేరగానికి అన్ని జెప్పిన. ఒక్కటి ఇడిసిపెట్టకుంట జెప్పిన. శని అని గూడ జెప్పిన."

నాగరాణి సొరకాయ ఎత్తింది. గుర్వమ్మ అడ్డుపడింది. "ఒక్క మంచి పని జేసిండు, గది గూడ తెల్వక జేసిండు. కొట్టకు బిడ్డా" అంది.

ముందున్న చిక్కు పెద్దది కాబట్టి నాగరాణి సొరకాయ దించి, ఇంజనీరు వైపు తిరిగింది. "సార్, నేను మా చెల్లె పెండ్లి కార్లకెల్లి చూసిన. గియ్యాల వీళ్లందరి తలకాయలు మీరు చూస్తున్నరు. ఇంకేం పరీక్ష కావాలె మీకు?"

వెంకటేశ్ చుట్టూ చూశాడు. ఒక పెద్దాయన కారులోంచే గుర్వమ్మను నీళ్లు అడుగుతున్నాడు. ఆమె చెంబుతో ఆయన నోట్లో పోస్తోంది. పొద్దున రోడ్డు మీద చినిగిన తన చొక్కా అతనికి గుర్తొచ్చింది. ఫోన్ తీసి, అందరికీ వినపడేలా పెట్టి, పై అధికారిని పిలిచాడు.

"సార్, గా వీడియో ఇడిసిపెట్టున్రి. నేను గొర్ల బండిల వచ్చిన. గిక్కడ మన కార్లల్ల మనుషులు ఇరుక్కున్నరు. నేను అబద్ధం రాయ." ఒక కారును ఎడమకు తిప్పించి హారన్ కూడా వినిపించాడు. అవతలివాళ్లు తమలో తాము గొణుక్కున్నారు. చివరికి అన్ని కార్లూ కంపెనీ ఖర్చుతోనే బాగుచేస్తామన్నారు. ఒక్క కారు తప్ప.

"గా వీడియోల ఉన్నాయన కారుకు ఏ ఖరాబు లేదు గద" అన్నాడు పై అధికారి.

తలలన్నీ హుర్రే అన్నాయి. తలుపులు వదలకముందే సంఘం సమావేశం కూడా జరిగిపోయింది. చేతులెత్తే వీలు లేక అందరూ తలలూపి, అరుణ్‌ను కొత్త అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.

మధ్యాహ్నానికి కార్లు ఒక్కొక్కటిగా మనుషులను వదిలాయి. వెంకటేశ్ తాళంచెవి హైదరాబాద్ నుంచి రావాలి గనుక, గుర్వమ్మ అతన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నాగేందర్ ముద్ద మింగలేకపోయాడు. సంఘం పోయింది, రిపేరు పోయింది, బేరం పోయింది. ఇక ఆ కారు, నాగరాణి, తను, ముగ్గురూ ఒకే వాకిట్లో బతకాలి.

అన్నాలు తిని లేవగానే గేటు చప్పుడైంది. టై మళ్లీ వచ్చింది.

"కారు నేనే కొంట" అన్నాడు అమరేందర్.

నాగేందర్ తల్లివైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను మిమ్ముల ఇంజనీర్ అనుకోని జెప్పిన. అనుకోని జెప్పినా అన్ని నిజమే. ఎడమకు తిప్పితే..."

నాగరాణి గిల్లింది. అయినా అతను ఆగకుండా చివరిదాకా చెప్పాడు.

"అయ్యన్ని ఉన్నయనే కొంటున్న" అన్నాడు అమరేందర్. "బాగు మాత్రం చేపియ్యకున్రి. పాలసీ తీస్కో అని ఒక్కొక్కని ఇంటి సుట్టూ ఏండ్ల సంది తిరుగుతున్న. నాకేమైతది అంటరు, చాయ తాగిపిచ్చి పంపుతరు. ఇగ నోరు నొప్పి పెట్టుకునే పని లేదు. కార్ల ఎక్కిపిచ్చుకోని ఒక్క మలుపు తిప్పుత. తర్వాత ఇంజను బంద్ జేస్త."

ఆ పూటే కారు చేతులు మారింది. తాళంచెవి నార్కట్‌పల్లికే వస్తోందని ఫోన్ రావడంతో, అమరేందర్ తన మిర్యాలగూడ దారి అటు కాకపోయినా అటేనని వెంకటేశ్‌కు చెప్పి, కారు తలుపు తీసి మర్యాదగా పట్టుకున్నాడు. గల్లీ దాటాక హారన్ ఒకసారి మోగింది, కాసేపటికి దూరంగా మరోసారి వినిపించింది. నార్కట్‌పల్లి చేరేసరికి ఇంజనీరు తన పేరున ఒక పాలసీ, భార్య పేరున ఒక పాలసీ తీసుకున్నాడు.